కడుపులో వెలుతురు

మింగేశాను, ఇంక నా చేతిలో ఏముంది, పెద్ద ద్రాక్షపండంత మాత్ర, డబ్బీలోంచి తీయగానే తళుక్కు తళుక్కుమని వెలగడం మొదలుపెట్టింది, నోట్లో పెట్టుకున్నప్పుడు బుగ్గలు కూడా వెలుగుతున్నాయేమోనని సిగ్గేసింది, గుటక వేస్తే గొంతులో ఒక్క క్షణం నిలబడి, పోనా వద్దా అని ఆలోచించుకుని, జారిపోయింది. ఇప్పుడది నా కడుపులో ఉంది. ఫోటోలు తీస్తోంది. నాకేమీ తెలియడం లేదు, చల్లగా లేదు, వెచ్చగా లేదు, నా కడుపు నాకు చెప్పకుండా ఫోటోలు దిగుతోంది. చీర కుచ్చిళ్ల కింద నడుముకి వెడల్పాటి బెల్టు, బెల్టులోంచి వైరు, వైరు చివర భుజానికి కండక్టరు సంచిలా వేలాడే మిషను, మిషను మీద ఆవగింజంత పచ్చలైటు. ఈ మాత్ర పని చూసే టెక్నీషియను స్ఫూర్తి కన్నడం పిల్ల, నా కోసం తెలుగు కలిపి చెప్పింది. "ఒక గంట ఆగి చూస్తానమ్మా, హొట్టెలోంచి, అదే పొట్టలోంచి, కిందికి దిగిందా లేదా అని. అప్పటిదాంక మెల్లగ నడుస్తా ఉండండి. ఏమీ తినొద్దు, తాగొద్దు. నిన్నటినుంచి ఏమీ తినలేదు గదా?" లేదన్నాను. పక్కనుంచి మా అత్తగారు రామాబాయి కూడా, "ఏం తినలే బిడ్డా, పాపం, ఉత్త నీళ్లే" అంది. అబద్ధం. తెల్లవారుజామున దేవుడి గూట్లో డబ్బా మూత తీసి నేను మట్టి తిన్నాను.

మట్టి అంటే వీధి మట్టి కాదు, మృత్తిక. రాఘవేంద్రస్వామి బృందావనం మట్టి. మేమంతా ఆయన్ని రాయరు అంటాం, ఒంట్లో బాగాలేనివాళ్లకి ఆ మట్టి చిటికెడు నీళ్లలో కలిపి తీర్థంగా ఇస్తారు, మా ఇంట్లో ఎవరికి జ్వరమొచ్చినా ముందు అదే, ఆ తర్వాతే డాక్టరు. మా అత్తగారి చిటికెడు అంటే గోటి మీద నిలిచేంత. నేను తిన్నది చిటికెడు కాదు, నీళ్లలో కలపనూ లేదు, నాలుక మీద వేసుకుంటే మెత్తగా, చల్లగా, మొదటి వానకి బండ మీంచి లేచే వాసన, తర్వాత పళ్ల మధ్య ఆ కరకర, ఆ కరకర కోసం ప్రాణం లాగేస్తుంది నాకు. నిన్న రోజంతా ఉప్పగా పుల్లగా ఉండే మందునీళ్లు జగ్గులు జగ్గులు తాగి, బాత్రూములోనే కాపురం పెట్టి, కడిగి ఆరేసుకున్న కడుపు ఇది, తెల్లవారేసరికి దీనికి అన్నం గుర్తు రాలేదు, కాఫీ గుర్తు రాలేదు, ఆ డబ్బా గుర్తొచ్చింది. వద్దు, ఈ ఒక్కరోజు వద్దే సౌభాగ్యలక్ష్మీ, అని పేరు పెట్టి మరీ నన్ను నేను తిట్టుకుంటున్నాను, చెయ్యి మాత్రం దాని పాటికి అది మూత తీస్తోంది, దేవుడి ముందు దొంగతనం, దేవుడిదే దొంగతనం. ఇప్పుడా కెమెరా దిగి చూసేదేమిటి, బురద. నెత్తురు ఎక్కడ కారుతోందో చూసి రమ్మని పంపిస్తే బురద ఫోటోలు పట్టుకొస్తుంది.

నెత్తురు ఎక్కడో కారుతోంది, అదొక్కటే అందరికీ తెలుసు. రెండుసార్లు ఆసుపత్రిలో పడుకోబెట్టి ఎవరిదో నెత్తురు ఎక్కించారు, ఎక్కించినప్పుడల్లా కొన్నాళ్లు పెదవులకు రంగొస్తుంది, మళ్లీ పోతుంది. నోట్లోంచి గొట్టం వేసి చూశారు, ఏమీ లేదు. కిందినుంచి వేసి చూశారు, ఏమీ లేదు. ఏమీ లేదంటే సంతోషించాలి గదా, మా ఆయన యోగానంద్ సంతోషించాడు కూడా, పేడాలు తెచ్చి దుకాణంలో అందరికీ పంచాడు, అవి అరక్కముందే నా మొహం మళ్లీ ఉతికిన లైనింగు గుడ్డలా తెల్లబడింది. ఇక మిగిలింది చిన్నపేగు, పైగొట్టం అక్కడిదాకా దిగదు, కిందిగొట్టం అక్కడిదాకా ఎక్కదు. ఆరు మీటర్ల పైనే ఉంటుందని డాక్టరు చేతులు చాపి చూపిస్తుంటే నాకు వెంటనే అర్థమైంది, బ్లౌజు పీసుతో కలిపి ఒక చీర పొడుగు. ఆ చీరలో ఎక్కడో ఒక చిల్లు. మడతలు విప్పి చూడ్డానికి వీల్లేదు. ఈ మాత్ర చూపిస్తే సరి, ఎక్కడో తెలిస్తే తిన్నగా అక్కడికే పోయి మాన్పొచ్చు, చూపించకపోతే పొట్ట కోసి చేత్తో వెతకాలి అన్నాడు, వెతికినా దొరుకుతుందని మాటివ్వలేను అని కూడా అన్నాడు. మంచి డాక్టరే, అబద్ధం చెప్పడు, ఒక్కోసారి చెప్తే బాగుండుననిపిస్తుంది.

నడుస్తున్నాను. వరండాకి ఈ చివర నీళ్ల ఫిల్టరు, ఆ చివర కిటికీ, కిటికీ అవతల రోడ్డు మీద తెల్లటి ఎండ, సిరవారనుంచి రాయచూరొచ్చిన బస్సు దిగినవాళ్లు తలమీద కొంగు లాక్కుని నీడ వెతుక్కుంటున్నారు. పెళ్లిళ్ల రోజుల్లో ఆ బస్సు మా దుకాణం ముందే ఆగినట్టుంటుంది, బజారులో మాది మ్యాచింగ్ సెంటరు, చీరకి సరిపోయే జాకెట్టు గుడ్డ, లైనింగు, ఫాల్, అంతే మా వ్యాపారం, సంచుల నిండా చీరలు మోసుకొస్తారు. కాలవ కింద క్యాంపుల్లో స్థిరపడ్డ కోస్తా ఆడవాళ్లు "కాస్త లేతది తియ్యండీ, ఇది మరీ కొట్టొచ్చినట్టుందండీ" అంటారు, రాయచూరు వాళ్లయితే "ఇదేం కలర్ నాయనా, నా చీరేడ, నీ గుడ్డేడ" అని మొహం మీదే అంటారు. ఎవరైనా సరే, గుడ్డ చేతికిచ్చి వీధిలోకి పంపిస్తాం. ట్యూబులైటు కింద కలిసిన రంగు ఎండలోకి వెళ్తే కలవదు. అది మా అత్తగారు పెట్టిన పద్ధతి, "వెలుతుర్ల చూస్కో పో, ఇంటికి వొయ్యి నన్నంటే ఊకోను" అని మనిషిని గుడ్డతో సహా గడప దాటించేది, గుడ్డతో అటే పోయినవాళ్లు కూడా లేకపోలేదు, అయినా మానలేదు. ఒక గోడ నిండా ఎరుపులే ఉంటాయి మా దగ్గర, కుంకుమ, దానిమ్మ, మిరపపండు, ఇటుక, మెరూను, రాణి, అన్నీ ఆవిడే నాకు వేలుపెట్టి నేర్పింది. ఇప్పుడు ఆవిడ కళ్లకి పొరలొచ్చాయి. ఆపరేషను అంటే భయం, వచ్చే నెల, వచ్చే నెల అంటుంది. గల్లా దగ్గర కూర్చుని, ఎవరైనా చీర పరవగానే నా వైపు తిరిగి, "ఏం రంగది?" అంటుంది. ఎరుపు అంటాను. "ఎసొంటి ఎరుపు?" అంటుంది. చెప్తాను. అప్పుడు గోడ వైపు తల కూడా తిప్పకుండా, "మూడో అరల, కింద" అంటుంది. గుడ్డ అక్కడే ఉంటుంది.

రంగులు చెప్పి బతికే నాకు నా ఒంట్లోంచి పోయే రంగు తెలియలేదు. నీరసంగా ఉందంటే మందుల షాపులో ఐరన్ మాత్రలిచ్చారు, ఆ మాత్రలకి దొడ్డికి నల్లగా అవుతుందని అందరికీ తెలుసు, నల్లగా అయింది, సరేలే మాత్రలు పని చేస్తున్నాయనుకున్నాను. లోపల నెత్తురు కారినా నలుపే అవుతుందట. ఈ నలుపు చాటున ఆ నలుపు నెలల తరబడి దాక్కుంది. ఈ పరీక్ష కోసం మాత్రలు ఆపించాక కూడా రంగు మారలేదు, అప్పుడు తెలిసింది. బాత్రూములో ట్యూబులైటు. వెలుతుర్లోకి తెచ్చుకుని చూసే వస్తువా అది.

మట్టి సంగతి కూడా దుకాణంలోనే మొదలైంది. గుడ్డ మీద గీత గీసే సుద్దముక్క, ఒకరోజు మధ్యాహ్నం బేరం లేక కూర్చుని ఊరికే వాసన చూశాను, చూస్తూ చూస్తూ కొరికాను. ఎంత బాగుందో చెప్తే నవ్వుతారు. తర్వాత సుద్ద చాలలేదు, నీళ్లు చల్లిన వాకిలి పక్కనుంచి నడిస్తే నోట్లో నీళ్లూరేవి, నలభై ఆరేళ్ల ఆడదాన్ని, కోడలొచ్చే ఈడుదాన్ని, మట్టి తినాలనిపిస్తోందని ఎవరితో చెప్పను? అప్పుడు కనపడింది దేవుడి గూట్లో డబ్బా. పొద్దున్నే స్నానం చేసి ఆ గూటి ముందు నిలబడుతుంటే మా అత్తగారి ఆనందం చూడాలి, ఇన్నేళ్లకి నా కోడలికి రాయర మీద గురి కుదిరిందని వచ్చినవాళ్లకీ పోయినవాళ్లకీ చెప్పుకునేది, నేను తల వంచుకుని వినేదాన్ని, నోట్లో ఇంకా ఇసుక తగులుతూ ఉండేది. మా వీధిలో భక్తురాలినైపోయాను. రాయరు అంతా చూస్తూనే ఉన్నాడు గదా, ఒక్కసారైనా చెయ్యి పట్టుకోలేదేం స్వామీ అని అడగాలనిపిస్తుంది, మళ్లీ నేనే చెంపలేసుకుంటాను, తిన్నది ఆయన మట్టే, అడగడానికి నోరెక్కడిది.

బెంచీ మీద మా అత్తగారు ఒళ్లో సంచి పెట్టుకుని కూర్చుంది. సంచిలో నాకోసం కొబ్బరిబోండం నీళ్లు, స్ఫూర్తి తాగొచ్చు అని చెప్పినప్పుడు ఇవ్వడానికి. నేను ఆమె ముందునుంచి పోయినప్పుడల్లా అడుగుల చప్పుడు గుర్తుపట్టి తల ఎత్తుతోంది. "దిగిందా?" అంటుంది. "నాకెట్ల తెలుస్తది అత్తమ్మా" అంటాను. ఇంకోసారి పోతే, "గిప్పుడు?" అంటుంది. నాకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వస్తున్నాయి. ఫిల్టరు దగ్గరికి, మళ్లీ కిటికీ దగ్గరికి, స్ఫూర్తితో చెప్పేస్తే? ఇంత ఖరీదు మాత్ర, మింగాక చెప్తే ఏం లాభం, మింగకముందే చెప్పాలి, అప్పుడు చెప్తే ఇంకో రోజుకి వాయిదా వేసేవాళ్లు, మళ్లీ ఆ మందునీళ్లు, మళ్లీ ఆ రాత్రి, మళ్లీ తెల్లవారుజామున అదే డబ్బా, అప్పుడు మాత్రం తిననని ఏమిటి నమ్మకం. నా చేతిని నేనే నమ్మలేకపోతున్నాను. నా కడుపు నా మాట వినదు, నా చెయ్యి నా మాట వినదు, ఇక ఈ మాత్ర వింటుందా, దాని దారి దానిది, వెనక్కి రాదు, ఒకచోట నిలబడి సరిగ్గా చూడమంటే చూడదు, దాని బ్యాటరీ ఉన్నంతసేపు ఎటు నెడితే అటు పోతూ కనపడిందల్లా తీసుకుంటుంది. మింగేటప్పుడు మనసులో రాయరికి దండం పెట్టుకున్నాను, ఆ దండానికి కూడా మట్టివాసనే.

స్ఫూర్తి వచ్చింది. చేతిలో పలకలాంటి చిన్న తెర, దాన్ని నా సంచిమిషనుకి తగిలించి, నన్ను కూర్చోబెట్టి చూసింది. చూస్తూ ఉండిపోయింది. "ఇంకా హొట్టెలోనే ఉందమ్మా," అంది. తర్వాత తెర కొంచెం దగ్గరికి పెట్టుకుని, "ఇదేంటి, గోధి, అదే గోధుమరంగు పొడి లెక్క తేలుతా ఉంది? ఏమన్నా తిన్నారా?"  నేను చేత్తో నోరు తుడుచుకున్నాను.

"నేనిచ్చిన బిడ్డా," అంది మా అత్తగారు. లేచి నిలబడింది, సంచి ఒళ్లోంచి జారింది. "పొద్దుగాల రాయర మృత్తిక ఇచ్చిన. తీర్థం గదా, ఏం గాదనుకున్న. ఆమె వద్దనే అన్నది, నేనే ఊకోక నోట్ల ఏసిన. అంటే నన్నను, ఆమెనేం అనకు."

"అయ్యో అజ్జీ, ఏమీ ఇయ్యొద్దని అంతగా చెప్పిన గదా!" స్ఫూర్తి కోపం కూడా పూర్తిగా తెచ్చుకోలేక, సార్‌ని అడిగొస్తానని లోపలికి పోయింది. నేను మా అత్తగారి వైపు చూశాను. ఆవిడ నా వైపు చూడటం లేదు, పొరలు కమ్మిన కళ్లతో కిటికీ వెలుగున్న వైపు చూస్తోంది.

"మీరియ్యలే గదా అత్తమ్మా."

"నాకెర్కే."

"ఏమెర్క?"

"డబ్బా ఎవరు నింపుతున్నరనుకున్నవ్? నిండుగ పెట్టిన డబ్బా నాలుగు దినాలకు ఉత్తదవుతుంటే చేతులకు బరువు తెల్వదా? కండ్లు వోయినయ్ గని చేతులు పోలే. భక్తి ఎంత తింటదో నాకు తెల్వదా?" కొంగుతో ముక్కు తుడుచుకుంది. "ఊకుంటే బయట గోడలు గీక్కొని తింటవేమొనని భయమైంది. ఇదైతే శుభ్రం జేసిన మట్టి, ఆయన మట్టి, ఏమన్నయితే ఆయనే చూస్కుంటడనుకున్న. నా కొడుకు యోగికి గిన చెప్తే పరేషానయితడు. డాక్టర్‌కు చెప్తే నా కోడల్ని పిచ్చిదంటడు. గందుకే ఊరందరికి భక్తి భక్తి అని చెప్పుకుంట తిరిగిన."

 నేను దొంగతనం అనుకున్నదంతా ఆవిడ పెట్టిన తిండి. ఇంట్లో ఇద్దరం, పొద్దున ఒకరు డబ్బా ఖాళీ చేస్తున్నాం, సాయంత్రం ఒకరు నింపుతున్నాం, ఒకరికి చెప్పకుండా ఒకరం, ఎంత ముద్దుగా నాశనం చేసుకున్నాం. స్ఫూర్తి తిరిగి వచ్చి, ఇంజెక్షను సిద్ధం చేస్తూ, సార్ అడగమన్నారంటూ, ఇది ఈ ఒక్కరోజేనా, చాలా నాళ్లనుంచా అంది. చాలా నాళ్లనుంచి అని నేనే చెప్పాను. "మట్టి మీద మనసు పోవడం నెత్తురు తక్కువైనోళ్లకే వస్తదంటమ్మా. ముందే తెలిసుంటే అప్పుడే పట్టుకునేవాణ్ని అని సార్ నొచ్చుకున్నారు." ఆ మాటకి మా అత్తగారు బెంచీ మీద కూలబడింది. కోపం వచ్చింది నాకు, ఒళ్లు మండిపోయింది, ఆవిడ మీద, నా మీద, ఆ భక్తి మీద, నా మర్యాదని కాపాడ్డానికి నన్ను తినబెట్టిన ఆ చేతుల మీద. అదే చేతుల్ని పట్టుకుని ఏడవాలని కూడా అంతే గట్టిగా అనిపించింది. రెండూ చెయ్యలేదు, ఇంజెక్షనుకి చెయ్యి చాపాను.

మాత్ర కిందికి జారడానికి మందు, కడుపు కడగడానికి ఇంకో సీసా నీళ్లు, ఇప్పుడు తాగాలట, కుడివైపు తిరిగి పడుకోవాలట. వరండాలోనే గోడవార మంచం మీద పడుకున్నాను. నీళ్లు లోపల గడగడమన్నాయి. దిగు తల్లీ, దిగు, అని మాత్రని బతిమాలుతున్నాను, దానికి చెవులుంటాయా, రాయరూ నువ్వైనా నెట్టు, నీ మట్టిని నువ్వే పక్కకి తీసుకో, నా పొట్ట కొయ్యనివ్వకు, పొట్ట కోస్తే లేస్తానో లేదో, లేవకపోతే యోగానంద్‌కి లైనింగు ఏ అరలో ఉందో కూడా తెలియదు, ఈవిడ కళ్ల ఆపరేషనుకి ఎవరు ఒప్పిస్తారు, చీర పరిచినవాళ్లకి రంగెవరు చెప్తారు. కళ్లు మూసుకుంటే రెప్పల వెనక కూడా ఎరుపే. మా అత్తగారు బెంచీ మీంచి లేచి వచ్చి నా కాళ్ల దగ్గర నిలబడి పాదం పట్టుకుంది. నేను లాక్కోలేదు.

స్ఫూర్తి మళ్లీ తెర తగిలించింది. ఆ పిల్ల మొహమే చూస్తున్నాను, తెర కాదు, ఆ పిల్ల మొహం. "దాటిందమ్మా," అని నవ్వింది, "హొట్టె దాటి చిన్నపేగులోకి వచ్చేసింది, చూడండి, శుభ్రంగా ఉంది." తెర నా వైపు తిప్పింది. ఒకటి రెండు మట్టి రేణువులు, అంతే, తర్వాత మడతలు, మడత మీద మడత, తడిగా, మఖమల్ గుడ్డలా సన్నటి నూగుతో. ఇది నేనా. ఇంత అందంగా ఉన్నానా లోపల.

"ఏం రంగది?" అంది మా అత్తగారు, కాళ్ల దగ్గర్నుంచి.

"గులాబి, అత్తమ్మా. లేత గులాబి."

"మట్టి ఉన్నదా?"

"లేదు. పోయింది."

ఆవిడ గట్టిగా ఊపిరి వదలడం నా పాదానికి తెలిసింది. తెర మీద మడతలు కదులుతున్నాయి, గులాబి, ఇంకా గులాబి, ఒక మడత చాటున చిన్న గీత. నీడేమో అనుకున్నాను. తర్వాతి ఫోటోలో గీత లావైంది, మడత పల్లంలోకి దిగి అక్కడ నిలిచింది. స్ఫూర్తి నవ్వు ఆపేసింది. ఏదో మీట నొక్కింది, మళ్లీ నొక్కింది, "సార్ పూర్తిగా చూసి చెప్తారమ్మా" అంది, గొంతు మారింది. దొరికింది. ఇన్ని నెలలు దాక్కున్నది దొరికింది, సంతోషించాలి, పొట్ట కొయ్యాల్సిన పని లేకపోవచ్చు, కానీ అది నా కళ్లముందే కారుతోంది, నేను చూస్తుండగానే, నేను పడుకుని చూస్తుండగానే, చెయ్యి పెట్టడానికి లేదు, గుడ్డ పెట్టడానికి లేదు, మాత్ర అక్కడ ఆగనైనా ఆగదు, అప్పుడే దాటిపోతోంది.

"సౌభాగ్యా, ఏం రంగది?"

నేను తెరని ఇంకొంచెం నా వైపు లాక్కున్నాను.

"ఏం రంగది, చెప్పు బిడ్డా."

"ఎరుపు."

"ఎసొంటి ఎరుపు?"

గోడ నిండా ఉన్న ఎరుపులన్నీ వెతికాను, పై అర నుంచి కింది అర దాకా.

"పచ్చి నెత్తురు, అత్తమ్మా," అన్నాను. "కారుతనే ఉంది."

ఆవిడ నా పాదం వదిలి, మంచం పట్టె తడుముకుంటూ దగ్గరికొచ్చి, నా పొట్ట ఎక్కడుందో చేత్తో వెతుక్కుని, బెల్టు మీద రెండు అరచేతులూ పెట్టి గట్టిగా అదిమి పట్టుకుంది. అలా అదమకూడదని స్ఫూర్తి చెప్తూనే ఉంది. తెర మీద మళ్లీ గులాబి వచ్చింది. మా అత్తగారు చేతులు తియ్యలేదు.